లేపేముందు పంచనామా

మా ఆఫీసులో ఆవిడని పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఎదురుపడితే అక్కా అంటారు, అటు తిరిగితే పంచనామా అంటారు. ఆవిడకి రెండూ తెలుసు. "మొదటిది వయసుని బట్టి వచ్చింది, రెండోది పనిని బట్టి వచ్చింది. రెండింటికీ నేను దరఖాస్తు పెట్టుకోలేదు" అనేది.

ఆ పని ఏమిటో ముందు చెప్పాలి. ఊళ్ళో ఆసుపత్రులకీ, రక్తపరీక్షలు చేసే ల్యాబులకీ మధ్య ఫలితాలు మోసే కంప్యూటర్ కేంద్రం మాది. చల్లటి గదిలో బీరువా అంత మెయిన్‌ఫ్రేమ్ ఒకటి ఉంటుంది. దాని మీద నడిచే మెసేజింగ్ సాఫ్ట్‌వేర్ ఒక తపాలా కచేరీ లాంటిది. ల్యాబు పంపిన ఫలితాన్ని తీసుకుంటుంది, వరసలో పెడుతుంది, ఏ ఆసుపత్రిదైతే ఆ ఆసుపత్రికి అందేదాకా కాపలా కాస్తుంది. అది సరిగ్గా నడిచినన్నాళ్ళూ దాని గురించి ఎవరూ ఒక మంచిమాట అనరు. కాసేపు ఆగిందంటే మాత్రం అందరి నోటా దాని పేరే.

అప్పుడప్పుడూ అది బిగుసుకుపోతుంది. చావదు, కదలదు. అలాంటప్పుడు సులువైన పని, దాన్ని ఆపేసి మళ్ళీ లేపడం. లేపితే లేస్తుంది. వరసలో ఉన్న ఫలితాలు డిస్కు మీద భద్రంగానే ఉంటాయి కాబట్టి మళ్ళీ పరుగు మొదలవుతుంది. అందరూ చేతులు దులుపుకుని టీకి వెళతారు. కానీ అది ఎందుకు బిగుసుకుందో చెప్పే ఆనవాళ్ళు ఆ క్షణంలో యంత్రం మెమరీలోనే ఉంటాయి. లేపగానే అవన్నీ తుడుచుకుపోతాయి. అందుకని లేపేముందు ఆ మెమరీని ఉన్నదున్నట్టు ఒక ఫైల్లోకి దింపుకోవాలి. దాన్ని డంపు అంటారు. డంపు, దానితోపాటు యంత్రం తన దినచర్య రాసుకునే లాగులు, ఆసుపత్రులకీ ల్యాబులకీ వెళ్ళే లైన్లలో ఆ సమయంలో ఏది ఏ స్థితిలో ఉందో ఆ వివరాలు అన్నీ కట్టగట్టి సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీకి పంపితే, వాళ్ళు చూసి జబ్బేమిటో చెబుతారు. శవాన్ని కదిపేముందు పోలీసులు చేసేదే ఇదీను. ఆ పంచనామా చెయ్యడం అక్క పని.

ఈ పనికి ఆవిడ దొడ్డిదారిన రాలేదు, రాజమార్గానా రాలేదు. మెట్లు తుడుచుకుంటూ పైకి ఎక్కినట్టు వచ్చింది. టైపు నేర్చుకుని, పరీక్షల కాగితాలు చూసి కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో చేరింది. తర్వాత ఆపరేటరయింది. తర్వాత ఈ సాఫ్ట్‌వేర్ చూసుకునే మనిషి మానేసి పోతే, కొత్తవాడు దొరికేదాకా నువ్వు చూడు అన్నారు. కొత్తవాణ్ణి ఇప్పటిదాకా ఎవరూ వెతకలేదు. మధ్యలో పెళ్ళి అయింది, కూతురు పుట్టింది, మామగారు పోయారు. కింద టైర్ల కొట్టు, పైన రెండు గదులు, అదీ ఇల్లు. భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఇంట్లో ఉతికిన బట్టలకి కూడా రబ్బరు వాసన వస్తుంది.

అత్తగారికి చెవులు కొంచెం మందం, నోరు మాత్రం చురుకు. "మా కోడలి ఉద్యోగం ఏమిటనుకున్నావు," అని పక్కింటావిడకి చెప్పేది. "పడిపోయినవాణ్ణి చెయ్యి ఇచ్చి లేపదు. ఎలా పడ్డావో అలాగే ఉండు నాయనా, ఫోటో తీసుకుంటాను అంటుంది. దానికి జీతం కూడా ఇస్తారు."

అక్క నవ్వేది. ఆవిడకి కోపం వచ్చేది ఒక్క విషయంలోనే, ఆనవాళ్ళు పాడుచెయ్యడం. ఒకసారి కష్టపడి తీసిన డంపుని ఎవరో మామూలు ఉత్తరం పంపినట్టు అక్షరాల పద్ధతిలో పంపించేశారు. అలా పంపితే దారిలో ప్రతి అక్షరమూ వేషం మార్చుకుంటుంది. కంపెనీవాళ్ళు తెరిచి చూసి, 'మీరు పంపింది మాకు అర్థం కాలేదు, మీకేమైనా అర్థమైతే తెలియజెయ్యగలరు' అని మర్యాదగా రాశారు. అప్పటినుంచి డంపు ఆవిడే పంపుతుంది. ఇంకొకరి చెయ్యి పడనివ్వదు.

ఇక మా మేనేజరు. ఆయన్నీ పేరు పెట్టి ఎవరూ పిలవరు. ఏ పనైనా "తక్షణం" కావాలంటాడు కాబట్టి తక్షణం గారు. ఆయన కింద పని చెయ్యడం అంటే మంటలార్పేవాళ్ళ దగ్గర బకెట్లు మొయ్యడం. మంట ఎలా అంటుకుందో అడిగితే, ఆరింది కదా అంటాడు. ఆయన దుర్మార్గుడని నేననను. పైనుంచి ఆయనకొచ్చే ఫోన్లు ఆయనకొస్తాయి. కానీ ఆ ఫోన్లు తలలోంచి పాదాల్లోకి దిగి, పాదం ఎప్పుడూ కింద ఉన్నవాడి మీదే పడుతుంది.

కింద ఉన్నవాడు ఆ ఏడాది బావ అయ్యాడు.

బావ ఆపరేటరు. కంటికి కనిపించిన మగవాణ్ణల్లా బావా అని పిలుస్తాడు కాబట్టి అందరూ అతన్నీ బావా అంటారు. అక్క ఒక్కతే తమ్ముడూ అనేది. "నేను కూడా బావా అంటే మా అత్తగారు ఇంకో కొడుకనుకుని అతని జీతంలో వాటా అడుగుతుంది" అనేది. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన. పని మాత్రం నెమ్మది. ఒక కమాండు కొట్టేముందు దాన్ని రెండుసార్లు చదువుకునే మనిషి.

సాఫ్ట్‌వేర్ ఆ ఏడాది మొదటిసారి బిగుసుకున్నప్పుడు, యంత్రానికి కమాండ్లు కొట్టే కన్సోల్ దగ్గర బావ ఉన్నాడు. తక్షణం గారు వెనకాలే నిలబడి, "లేపు, లేపు" అన్నాడు. లేపాడు. ఆనవాళ్ళు పోయాయి. అక్క మర్నాడు వచ్చి తల పట్టుకుంది.

రెండోసారి బిగుసుకున్నప్పుడు కూడా బావే ఉన్నాడు. అక్క ఇంట్లో ఉంది. సరిగ్గా అప్పుడే అత్తగారు బాత్రూంలో జారిపడింది. అక్క ఒక చేత్తో ముసలావిడ భుజం పట్టుకుని, రెండో చేత్తో ఫోనెత్తింది.

"అక్కా, అది మళ్ళీ బిగుసుకుంది. డంపు తియ్యనా? తక్షణం గారు నా నెత్తి మీద ఉన్నారు."

ముసలావిడ మూలుగుతోంది. నేలంతా నీళ్ళు.

"లేపెయ్ తమ్ముడూ. తర్వాత చూసుకుందాం."

రెండు చోట్లా లేపేశారు. అత్తగారికి తుంటి బెణికింది, కట్టుతో సర్దుకుంది. బావ సంగతే సర్దుకోలేదు. ఆ పూట చాలా ఆసుపత్రుల్లో ఫలితాలు ఆలస్యమయ్యాయి, పైవాళ్ళకి ఫిర్యాదులు వెళ్ళాయి. మా ఆఫీసులో తప్పుకి కారణం వెతకరు, మనిషిని వెతుకుతారు. మనిషైతే త్వరగా దొరుకుతాడు.

ఒక విచారణ సంఘం వేశారు. సంఘం లాగులు తెప్పించుకుని చూసింది. రెండుసార్లూ యంత్రం మూగబోయేముందు లాగులో ఉన్న ఆఖరి వరస బావ కొట్టిన కమాండే. ఏ లైను ఏం చేస్తోందో చూపించమని అడిగే మామూలు కమాండు అది. ఫలితాలు కదలడం లేదేమిటా అని అనుమానం వచ్చి కొట్టానన్నాడు బావ. కమాండు కొట్టావు కాబట్టే కదలడం మానేశాయి అంది సంఘం. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టినవాణ్ణి పట్టుకుని, నువ్వే గొంతు నులిమావన్నట్టు. కాదని చూపించడానికి డంపు లేదు. అక్క పాత లాగులు కంపెనీకి పంపితే, 'లాగుల్లో అనుమానం కనిపిస్తోంది గానీ డంపు లేకుండా ఏమీ చెప్పలేం' అని జవాబు వచ్చింది.

"డంపు తియ్యకుండా ఎందుకు లేపావు? ఎవరు చెప్పారు?" అని సంఘం అడిగింది.

"నేనే లేపాను" అన్నాడు బావ.

ఉద్యోగంలోంచి తాత్కాలికంగా ఆపేశారు. సంఘం మరోసారి కూర్చుని తేలుస్తుంది. తప్పు రుజువైతే ఇంటికే. ఆసుపత్రుల పని ఆపించిన ఆపరేటరని పేరు పడితే ఇంకోచోట తలుపు తియ్యరు.

బావ సంఘానికి చెప్పిన జవాబు తెలిసిన రోజు అక్క ఆఫీసు నుంచి తిన్నగా బావ ఇంటికి వెళ్ళింది. ఈ మాటలన్నీ తర్వాత బావే నాకు చెప్పాడు. అతను వరండాలో కూర్చుని పిల్ల బూటుకి అట్ట అడుగు కుట్టుకుంటున్నాడు. అప్పుడు కూడా చొక్కా ఇస్త్రీదే.

"రేపు వెళ్ళి చెప్పేస్తాను తమ్ముడూ. లేపమన్నది నేనని."

"చెప్పి?"

"నీ మీద కొంత తగ్గుతుంది."

"నా మీద తగ్గదక్కా, నీ మీదికి వస్తుంది. లేపినందుకు మందలిస్తారు, అంతే. నా పీకకి చుట్టుకుంది ఆ కమాండు. నువ్వు చెప్పినంత మాత్రాన అది పోదు." సూది దారం పళ్ళతో తెంపాడు. "ఇద్దరం ఇంట్లో కూర్చుంటే, మళ్ళీ అది బిగుసుకున్న రోజు పంచనామా ఎవరు చేస్తారు? తక్షణం గారా?"

బావ భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఆయనన్నది నాకు నచ్చలేదు వదినా. కానీ అదే నిజం. ఆ డంపో గింపో అది మీ చేతికి దొరికేదాకా నోరు మూసుకోండి." తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "దొరికాక మాత్రం మూసుకోకండి."

ఆ రోజునుంచి అక్క బతుకు తలకిందులైంది. ఎన్నో ఏళ్ళుగా ఆ సాఫ్ట్‌వేర్ పడిపోకుండా ఉండాలని కాపలా కాసిన మనిషి, అది ఒక్కసారి పడిపోతే బాగుండునని ఎదురుచూడటం మొదలుపెట్టింది. జబ్బు తిరగబెట్టాలని కోరుకునే వైద్యురాలి పాపం ఎంతో నాకు తెలియదు, ఆవిడ ముఖంలో మాత్రం కనిపించేది. ఫలితాలు గలగలా పారుతుంటే ఆవిడ భుజాలు కిందికి జారేవి. సంఘం మళ్ళీ కూర్చునే రోజు దగ్గరపడుతోంది. యంత్రం బుద్ధిమంతురాలైన కోడలిలా వంచిన తల ఎత్తకుండా పని చేస్తోంది.

ఆవిడ చెయ్యగలిగినదంతా చేసింది. డంపు ఎంత పెద్దదైనా పట్టేలా యంత్రంలో పరిమితి పెంచింది. పాతదంటే చిన్న సంచి, సగం నిండగానే మూతి కట్టేస్తుంది. ఏ కమాండు తర్వాత ఏది కొట్టాలో మా ఆపరేటర్ల చేత అప్పజెప్పించుకుంది. కన్సోల్ పక్కన ఒక కాగితం అంటించింది: 'లేపకండి. ముందు నన్ను పిలవండి. ఎవరు చెప్పినా సరే.' ఎవరు అంటే ఎవరో అందరికీ తెలుసు. తక్షణం గారికి కూడా తెలుసు. ఆయన ఆ కాగితం చదివి, దాని మీద క్యాలెండరు తగిలించాడు. అక్క క్యాలెండరు పక్కకి జరిపింది. ఆయన మళ్ళీ కప్పాడు. ఆ యుద్ధం కొన్నాళ్ళు నడిచింది.

ఇంట్లో భర్త అడిగాడట. "అది బాగానే నడుస్తోందిగా, నీకెందుకీ దిగులు?"

"నడవడమే దిగులు."

అతనికి అర్థమైంది. ఫ్రిజ్ బాగుచేసే మనిషి కదా. "మా దగ్గరా అంతే. ఇంట్లో చల్లబడటం లేదంటారు, నేను వెళ్ళేసరికి మంచు కక్కుతూ ఉంటుంది. నా సంచీ చూడగానే ఆరోగ్యం వస్తుంది దానికి."

"నీ ఫ్రిజ్ బాగుపడితే ఎవరి ఉద్యోగమూ పోదు."

"నా ఉద్యోగం పోతుందిగా" అన్నాడతను. ఆవిడ నవ్వలేదు. అన్నం వడ్డించి తను తినడం మర్చిపోయింది.

ఒకరోజు మాలో ఒకడు అననే అన్నాడు. "అక్కా, పనిగట్టుకుని దాన్ని పడగొట్టలేమా? ఆ లైన్లు ఒకటీ రెండూ పీకేసి చూస్తే?"

"ఆ లైనుకి అటువైపు ఎవరున్నారో నీకు తెలుసా?"

"తెలియదు."

"నాకూ తెలియదు. అందుకే పీకను."

సంఘం కూర్చోడానికి ముందురోజు, పొద్దున, ల్యాబులన్నీ ఒక్కసారి ఫలితాలు గుమ్మరించే వేళ, అది బిగుసుకుంది. కన్సోల్ దగ్గర నేనున్నాను. తెర మీద వరసల అంకెలు పెరుగుతున్నాయి గానీ ఒక్కటీ తగ్గడం లేదు. ఏ కమాండూ కొట్టలేదు. కొడితే నా గొంతుకీ చుట్టుకుంటుందని భయం. పక్కగదిలోకి కేకేశాను.

అక్క నడిచే వచ్చింది. పరిగెత్తి వస్తే ఆ ఆయాసంలో కమాండు తప్పు కొట్టేదాన్నని తర్వాత చెప్పింది. తెర చూసింది, కూర్చుంది.

"ఏమీ ముట్టుకోలేదుగా?"

"లేదక్కా."

"అయితే నువ్వు ఫోన్ల దగ్గర కూర్చో. అన్ని ల్యాబులకీ చెప్పు, అత్యవసరం ఫలితాలు నోటితో చదివి ఆసుపత్రులకి చెప్పమను. మిగతావి ఆగుతాయి, పోవు. పోవని గట్టిగా చెప్పు."

నేను ఫోన్లు తిప్పుతున్నాను. ఆవిడ ముందు ఏ లైను ఏ స్థితిలో ఉందో తెర మీదివి ఫైల్లోకి దింపింది. తర్వాత డంపు కమాండు. మెసేజులు దాచే భాగం, వాటిని లైన్ల మీద పంపే భాగం, రెండూ కలిపి అడగాలి. ఒకటి మర్చిపోతే సగం శవానికి పంచనామా చేసినట్టే. ఆవిడ వేలితో తెర మీద ఒక్కొక్క అక్షరం చదువుకుని, ఎంటర్ నొక్కింది.

తక్షణం గారు వచ్చాడు. "ఎంతసేపయింది? లేపండి."

"డంపు దిగుతోంది సార్."

"దిగేదాకా ఆసుపత్రులు ఆగాలా?"

"ఆగాలి. అత్యవసరం అయినవి ఫోన్లో వెళ్తున్నాయి."

ఆయన గడియారం చూసుకున్నాడు. గడియారం చూడటం ఒక పని అని నమ్మేవాళ్ళలో ఆయనొకడు. గదిలో చల్లటి గాలి చప్పుడు, ఆయన బూట్ల చప్పుడు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అప్పుడు కన్సోల్ మీద వరస పడింది. డంపు ముగిసింది. పూర్తి కాలేదు. పరిమితి చాలక మధ్యలో ఆగింది.

అక్క ఆ వరస చూసి కదల్లేదు. నేను కుర్చీలోంచి సగం లేచాను.

"నువ్వు పెంచావుగా అక్కా?"

ఆవిడ గొంతు తగ్గించి తనకి తనే చెప్పుకుంటున్నట్టు అంది. "కమాండుతో పెంచాను. స్టార్టప్ ఫైల్లో రాయలేదు. ఆదివారం యంత్రం మొత్తాన్ని ఆపి లేపారు. పరిమితి పాత చోటికే పోయింది."

ఈ పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు అది. కమాండుతో మార్చినది యంత్రం మెలకువగా ఉన్నంతసేపే దానికి గుర్తుంటుంది. పడుకుని లేచిందంటే ఫైల్లో రాసి ఉన్నదే దానికి వేదం. లేపితే ఆనవాళ్ళు చెరిగిపోతాయని ఊరందరికీ చెప్పే మనిషి, తన మాట కూడా అలాగే చెరిగిపోతుందని మర్చిపోయింది.

"అయిందిగా," అన్నాడు తక్షణం గారు. "ఇక లేపండి."

"కాలేదు సార్. సగమే వచ్చింది. పరిమితి పెంచి మళ్ళీ తియ్యాలి."

"మళ్ళీనా?"

"మళ్ళీ. ఈసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది."

"మీ తప్పుకి ఆసుపత్రులు ఆగాలా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. జవాబు చెప్పేలోపు నా చేతిలో ఫోన్లోంచి కేక వినిపించింది. ఒక ఆసుపత్రి గుమాస్తా. వాళ్ళ రోగి ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు, రక్తం గ్రూపు సరిచూసిన ఫలితం రాలేదు, ల్యాబు ఫోను ఎంతకీ దొరకడం లేదు. తక్షణం గారు అక్క వైపు చెయ్యి చూపించాడు. చూశారా అన్నట్టు.

ఆ క్షణంలో ఆవిడ లేపేస్తుందనుకున్నాను. లేపమన్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. రెండోసారి ముసలావిడ మూలుగు విని లేపింది. ఇప్పుడు ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి బల్ల మీద ఉన్నాడు.

ఆవిడ నా చేతిలో ఫోను తీసుకుంది. "రోగి నంబరు చెప్పండి. పెట్టెయ్యకండి, లైన్లోనే ఉండండి." రెండో ఫోన్లో ల్యాబు పెద్దకి, ఆయన సొంత ఫోనుకి, చేసింది. ఆ నంబరు ఆవిడకి ఎలా తెలుసో నేనడగలేదు. ఆయన ఫలితం చదువుతుంటే ఇటు ఫోన్లో అదే చెప్పింది. అటునుంచి వాళ్ళ చేత తిరిగి చదివించుకుంది. మళ్ళీ ల్యాబాయన చేత సరే అనిపించింది. ఒక చెవికి ఒక ఫోను, ఇంకో చెవికి ఇంకోటి. మధ్యలో తను తీగలా నిలబడింది. యంత్రం చెయ్యాల్సిన పని ఆ కాసేపూ ఆవిడ చేసింది.

ఫోన్లు పెట్టేసి కూర్చుని, పరిమితి పెంచే కమాండు కొట్టింది. పెరిగిందో లేదో అడిగి చూసుకుంది. ఆ తర్వాత రెండో డంపు మొదలుపెట్టింది.

తక్షణం గారు గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయం వేసింది. "సరే. ఈ ఆలస్యం మీ సొంత నిర్ణయమని షిఫ్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టండి. తక్షణం."

"డంపు పూర్తయ్యాక రాస్తాను సార్."

"ఇప్పుడే."

"పూర్తయ్యాక. అప్పుడైతే ఇంకో రెండు మాటలు కూడా రాయాలి."

ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ముగ్గురం తెర చూస్తూ నిలబడ్డాం. అంత పొడుగు కాసేపు నేనెప్పుడూ చూడలేదు. వరసలో ఫలితాల అంకె పెరుగుతోంది. ఆవిడ చీర చెంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. తక్షణం గారి జేబులో ఫోను వణికింది. తీసి చూసి, మాట్లాడకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన పైవాళ్ళ ఫోను ఎత్తకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వరస పడింది. డంపు పూర్తిగా దిగింది.

ఆవిడ వెంటనే లేపమనలేదు. లాగులు కాపీ అయ్యాయో లేదో చూసుకుంది. డంపు ఫైలు తెరుచుకుంటోందో లేదో చూసింది. అప్పుడు నా వైపు తిరిగి, "లేపు నాయనా" అంది. లేపాను. వరసలో అంకెలు గింజలు రాలినట్టు తగ్గడం మొదలుపెట్టాయి.

షిఫ్టు పుస్తకం తీసుకుని రాసింది. ఈ రోజు ఆలస్యం నా నిర్ణయం. మొదటి డంపు అసంపూర్తిగా రావడం నా పొరపాటు. పోయినసారి డంపు తియ్యకుండా లేపమని ఆపరేటరుకి ఫోన్లో చెప్పింది నేను. సంతకం.

తక్షణం గారు చదివాడు. "ఈ మూడో వాక్యం నేనడగలేదు."

"నన్ను నేనే అడిగాను సార్. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. ఇప్పుడు చేతిలో డంపుంది."

"మీకు దీని ఫలితం తెలుసా?"

"తెలుసు. డంపు పంపాలి, కొంచెం జరగండి."

తనే పంపింది, ఉన్నదున్నట్టుగా పోయే పద్ధతిలో. సంఘానికి ఒక చీటీ పెట్టింది, కంపెనీ జవాబు వచ్చేదాకా తీర్పు ఆపమని. షిఫ్టు పుస్తకంలో ఆ పేజీ నకలు జతచేసింది. సంఘం మర్నాడు కూర్చుంది, బిస్కెట్లు తింది, వాయిదా వేసింది. వాయిదా వెయ్యడం వాళ్ళకి తెలిసిన విద్యే కాబట్టి కష్టమనిపించలేదు.

కంపెనీ జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో అక్కకి ఒకటే దిగులు. డంపులో ఏమీ లేకపోతే? కమాండే కారణమని తేలితే? అప్పుడు బావని తన చేతుల్తోనే పాతిపెట్టినట్టు. పంచనామా చేసేవాడికి ఏం తేలాలో కోరుకునే హక్కు లేదు. ఆ మాట ఆవిడే చెప్పేది.

జవాబు వచ్చింది. ఒక ఆసుపత్రి లైను ఫలితం సగం తీసుకుని తెగిపోయినప్పుడు, సాఫ్ట్‌వేర్లో ఒక భాగం తాళం చేత్తో పట్టుకుని, ఇక రాని జవాబు కోసం అలాగే కూర్చుండిపోతోంది. మిగతావన్నీ ఆ తాళం కోసం దాని వెనక బారులు తీరుతున్నాయి. లోపం తమ ప్రోగ్రాంలోదే, దిద్దుబాటు పంపుతున్నాం అన్నారు. పాత లాగులు రెండింటిలోనూ అదే లైను తెగిన గుర్తు ఉంది, అది బావ కమాండు కన్నా ముందే ఉంది. అంటే అతను ముక్కు దగ్గర వేలు పెట్టేసరికే ఊపిరి ఆగిపోయి ఉంది.

బావని వెనక్కి తీసుకున్నారు. ఉత్తరంలో 'ఆరోపణ రుజువు కాలేదు' అని రాశారు. అతను ఏ తప్పూ చెయ్యలేదు అని రాయడానికి వాళ్ళ భాషలో మాటలు లేవు కాబోలు. అక్కకి వచ్చిన కాగితం అంతకన్నా అందంగా ఉంది. ఒకసారి ఆనవాళ్ళు పోగొట్టినందుకూ, ఇంకోసారి ఆనవాళ్ళ కోసం ఆలస్యం చేసినందుకూ, రెండింటికీ కలిపి ఒకే మందలింపు. మెసేజింగ్ పని నుంచి తీసేసి, నేలమాళిగలో పాత టేపులు భద్రపరిచే గదికి మార్చారు.

వెళ్ళేముందు ఆవిడ చేసిన ఆఖరి పని, స్టార్టప్ ఫైలు తెరిచి డంపు పరిమితి అందులో రాయడం. రాసి, నా చేత చదివించుకుంది.

ఇంట్లో అత్తగారు విషయమంతా రెండుసార్లు చెప్పించుకుని అందట, "అయితే నన్ను లేపినందుకే నీకీ తిప్పలన్నమాట. అలాగే పడి ఉండమంటే పడి ఉండేదాన్నిగా, ఫోటో తీసుకునేదానివి." ఆ ఒక్కమాటకి అక్క చాలాసేపు నవ్విందని ఆవిడ భర్త చెప్పాడు. తర్వాత చాలాసేపు నవ్వలేదని కూడా చెప్పాడు.

బావ వచ్చిన తర్వాతి ఆదివారం యంత్రాన్ని మళ్ళీ ఆపి లేపారు. కంపెనీ పంపిన దిద్దుబాటు ఆ రోజే ఎక్కించాం. యంత్రం లేవగానే బావ ఇంకే పనీ చెయ్యకుండా పరిమితి ఎంతుందని అడిగే కమాండు కొట్టాడు. కొట్టేముందు రెండుసార్లు చదువుకున్నాడు. తెర చూసి, నాకూ వినిపించేలా స్పీకరు పెట్టి నేలమాళిగకి ఫోన్ చేశాడు. ఆదివారమైనా ఆవిడ అక్కడే ఉంటుందని అతనికెలా తెలుసో.

"అక్కా, లేచింది."

"పరిమితి?"

"నువ్వు రాసినంతే ఉంది."

అవతల టేపుల పెట్టె ఏదో నేల మీద దించిన చప్పుడు వినిపించింది.

"సరే తమ్ముడూ. ఆ కాగితం మీద క్యాలెండరు ఉంటే తీసెయ్" అంది, ఫోన్ పెట్టేసింది.

బావ లేచి వెళ్ళి తీశాడు.